అలన్ పేజ్‌ను ఏ తక్కెడలో తూచాలి?

అమెరికన్ ఫుట్‌బాల్‌కు పెద్ద లీగ్ ఎన్ఎఫ్ఎల్. దాని అధికారిక రికార్డుల్లో అలన్ పేజ్ పేరు ఎదురుగా ‘సాక్’ల సంఖ్య కోసం వెతికితే ఏమీ దొరకదు. ప్రత్యర్థి జట్టు దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ బంతి విసరకముందే అతణ్ని నేలకూల్చడాన్ని సాక్ అంటారు. పేజ్ 15 సీజన్ల పాటు చేసిన పని ప్రధానంగా అదే. ఆ పని చేసే 1971లో లీగ్ మొత్తానికీ అత్యంత విలువైన ఆటగాడిగా ఎంపికయ్యారు. ఆ పురస్కారం అందుకున్న మొట్టమొదటి డిఫెన్స్ ఆటగాడు ఆయనే. అయినా లెక్క లేదు. కారణం చాలా చిన్నది. లీగ్ సాక్‌లను అధికారికంగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది 1982లో. పేజ్ 1981 సీజన్‌తో ఆట నుంచి తప్పుకున్నారు.

దశాబ్దాల తరువాత కొందరు పరిశోధకులు పాత ఫిల్ములు, మ్యాచ్‌లో ఏది ఎప్పుడు జరిగిందో వరుసగా రాసిపెట్టిన కాగితాలు ముందేసుకుని కూర్చుని, 1960 నుంచి జరిగిన ఆటలను తిరగేశారు. పేజ్ లెక్క 148.5 అని తేల్చారు. చివరి ఆ సగం ఎక్కడిదంటే, ఇద్దరు కలిసి క్వార్టర్‌బ్యాక్‌ను పడగొడితే చెరి సగం రాస్తారు. ఆయన ఆడిన స్థానంలో అంత పెద్ద సంఖ్య ఇంకెవరికీ లేదు. కానీ అది ఈనాటికీ అనధికారికమే.

నన్ను ఈ మనిషి వైపు లాగింది ఆ ఖాళీ గడి. డిఫెన్స్ ఆటగాడి పనిని ఎలా కొలవాలన్నది అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఇప్పటికీ పూర్తిగా తెగని చిక్కు. పేజ్ విషయంలో ఆ చిక్కు రికార్డుల పుస్తకంతో ఆగలేదు. ఆయన శరీరాన్ని తూచినప్పుడు మళ్లీ వచ్చింది. ఆయన న్యాయమూర్తి అయ్యాక ఒక గాజు గొట్టంలోని నీళ్ల రూపంలో ఇంకోసారి ఎదురైంది. అన్నిచోట్లా ప్రశ్న ఒకటే: దేన్ని తూస్తున్నారు, ఎందుకు తూస్తున్నారు?

ఈ ఆట పరిచయం లేనివారి కోసం నాలుగు మాటలు. ఒక్కో జట్టు నుంచి మైదానంలో 11 మంది ఉంటారు. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే ఇంకో నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి, లేకపోతే బంతి అవతలివారి పాలు. బంతితో దాడి చేసే 11 మంది వేరు, అడ్డుకునే 11 మంది వేరు. బంతి చేతులు మారగానే ఒక దండు బయటికి నడుస్తుంది, రెండో దండు లోపలికి వస్తుంది. అందుకే డిఫెన్స్‌లో ఆడేవాడు ఏళ్ల తరబడి బంతిని ముట్టకుండానే గొప్ప ఆటగాడు కావచ్చు.

ప్రతి ప్రయత్నానికీ ముందు రెండు పక్షాలూ ఒక గీతకు అటూ ఇటూ వంగి నిలబడతాయి. దాడి జట్టు మధ్యలో ఉండే సెంటర్ బంతిని తన కాళ్ల మధ్య నుంచి వెనకనున్న క్వార్టర్‌బ్యాక్‌కు అందిస్తాడు. దీన్ని స్నాప్ అంటారు. అక్కడి నుంచి అంతా మూడు నాలుగు సెకన్ల వ్యవహారం. దాడి జట్టు ముందు వరుసలో ఐదుగురు భారీకాయులు గోడలా నిలుస్తారు. వారికి ఎదురుగా, పేజ్ కాలంలో, డిఫెన్స్ వైపు నలుగురు ఉండేవారు: అంచుల్లో ఇద్దరు ఎండ్‌లు, మధ్యలో ఇద్దరు ట్యాకిల్‌లు. పేజ్ ఆ మధ్య ఇద్దరిలో ఒకరు.

క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకుని కొన్ని అడుగులు వెనక్కి వేస్తాడు. అతని మనుషులు గుర్రపు నాడా ఆకారంలో అతని ముందు దడి కడతారు. అంచు నుంచి దూసుకొచ్చేవాడు ఆ దడిని చుట్టి రావాలి. అతణ్ని ఓరకంట గమనించి క్వార్టర్‌బ్యాక్ రెండడుగులు ముందుకు జరిగితే చాలు, వచ్చినవాడు వెనక నుంచి దాటిపోతాడు. మధ్యలోంచి వచ్చేవాడి సంగతి అలా కాదు. అతను ముఖం మీదికే వస్తాడు. ముందుకు జరగడానికి చోటుండదు, విసరడానికి చెయ్యెత్తితే ఆ చెయ్యికే అడ్డం వస్తాడు, దూరంగా పరుగెత్తే సహచరుణ్ని చూద్దామంటే చూపుకు అడ్డం నిలుస్తాడు. డిఫెన్స్‌కు ఇంతకన్నా విలువైన దారి లేదు. అంతే కష్టమైన దారి కూడా. మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ నిలిచే గార్డ్‌లు ఒకరికొకరు ఆనుకుని ఉంటారు కాబట్టి ఒక్కడి మీద ఇద్దరు పడటం తేలిక. అందుకే ఆ కాలపు కోచ్‌లు అక్కడ కదలని బండరాయి లాంటి మనిషిని పెట్టి, ప్రత్యర్థి బంతిని పట్టుకుని మధ్యలోంచి పరుగెత్తకుండా చూసుకుంటే చాలనుకునేవారు.

పేజ్ బండరాయి కాదు. ఆరడుగుల నాలుగంగుళాల ఎత్తు, సుమారు 245 పౌండ్లు, అంటే 111 కిలోలు. ఎదురుగా నిలిచే గార్డ్‌కు ఆయన బరువు పెద్ద సమస్య కాదు. స్నాప్ పడిన క్షణానికే ఆయన మొదటి అడుగు పడిపోయేది, అదీ సమస్య. గార్డ్ నడుము లేపి చేతులు సర్దుకునేలోగా పేజ్ భుజం పక్క సందులో ఉండేది. అక్కడి నుంచి ఆపాలంటే ఇద్దరు కావాలి. ఇద్దరు ఆయన మీదికి మళ్లితే ఇంకో చోట ఒకరికి ఒకరే మిగులుతారు.

లెక్కల చిక్కంతా ఇక్కడే ఉంది. కబడ్డీ చూసేవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. కూతకు వచ్చినవాడి కాలు పట్టినవాడికి పాయింటు రాస్తారు, వాణ్ని ఆ మూలకు తోలుకొచ్చిన పక్కవాడికి ఏమీ రాయరు. పేజ్ మీదికి ఇద్దరు మళ్లితే అంచున ఉన్న కార్ల్ ఎలర్‌కో జిమ్ మార్షల్‌కో సాక్ దొరికేది. పేజ్ మీదికి వస్తున్నాడని క్వార్టర్‌బ్యాక్ అర సెకను ముందే విసిరేస్తే ఆ బంతి నేల మీద పడేది, కాగితం మీద మాత్రం ‘అందని పాస్’ అని రాసేవారు. ఆయన ఉన్న వైపు పరుగెత్తడమే వద్దని ప్రత్యర్థి కోచ్ నిర్ణయించుకుంటే, ఆ జరగని పరుగును రాసుకోవడానికి గడే లేదు. ముందుకు వెళ్లిన గజాలు, పట్టిన బంతులు, బంతిని అవతలి చివరి గీత దాటించి చేసిన టచ్‌డౌన్‌లు అన్నీ దాడి ఆటగాళ్ల ఖాతాలోకి వెళతాయి. డిఫెన్స్ ఆటగాడి పనిలో ఎక్కువ భాగం జరగకుండా పోయిన సంగతులే.

ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. ఆటగాళ్ల భుజాల కవచాల్లో చిప్‌లు ఉన్నాయి. ఎవరు ఎక్కడ ఉన్నారో అవి సెకనుకు పదిసార్లు నమోదు చేస్తాయి. ఏ ట్యాకిల్ మీద ఎన్నిసార్లు ఇద్దరు పడ్డారో, ఎంతసేపట్లో క్వార్టర్‌బ్యాక్‌ను చేరాడో చెప్పగలరు. ఇటీవలి కాలంలో పేజ్‌కు నిజమైన వారసుడనదగ్గ ఆరన్ డొనాల్డ్ ఆ విధంగా అదృష్టవంతుడు. ఆ స్థానానికి కాస్త చిన్నవాడన్న సందేహం నడుమ 2014లో, జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునేటప్పుడు, 13వ ఎంపికగా లీగ్‌లోకి వచ్చాడు. 111 సాక్‌లు, మూడుసార్లు ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి పురస్కారం సాధించి 2024 మార్చిలో రిటైరయ్యాడు. అతని మీద ఇద్దరు ముగ్గురు పడిన ప్రతి సందర్భమూ లెక్కకెక్కింది. పేజ్ దగ్గర చిప్ లేదు. ఆయనతో ఆడి చూసినవారి మాట ఉంది, జట్టు మొత్తం ఇచ్చిన పాయింట్ల పట్టిక ఉంది.

ఆ పట్టిక చూస్తే మాటలు అక్కర్లేదు. పేజ్ జట్టు మిన్నెసోటా వైకింగ్స్ 1969లో 14 మ్యాచ్‌ల్లో ప్రత్యర్థులకు ఇచ్చినవి 133 పాయింట్లు, మ్యాచ్‌కు పది కూడా కాదు. 1970లో 143, 1971లో 139. ఊదారంగు జెర్సీల్లో ఆడే ఆ నలుగురి ముందు వరుసకు అభిమానులు ‘పర్పుల్ పీపుల్ ఈటర్స్’ అని పేరు పెట్టుకున్నారు. వారి సొంత మైదానం బ్లూమింగ్టన్‌లోని మెట్రోపాలిటన్ స్టేడియం. పైకప్పు లేదు. కోచ్ బడ్ గ్రాంట్ గడ్డకట్టే చలిలో కూడా తన ఆటగాళ్ల బెంచీ దగ్గర హీటర్లు పెట్టనిచ్చేవారు కాదు. చలిలో చేతులు మొద్దుబారిన ప్రత్యర్థి ముందు స్నాప్ పడగానే కదిలిపోయే పేజ్ నిలబడి ఉండటం ఎలాంటి అనుభవమో ఊహించుకోవచ్చు.

1971 పురస్కారం సంగతికి వస్తే, అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ తరఫున ఓటు వేసే క్రీడా విలేకరులు బంతి పట్టుకునేవారిని వదిలి, బంతి పట్టుకున్నవాణ్ని పడగొట్టేవాణ్ని ఎంచుకున్నారు. ఆ రోజుల్లో సాక్ పట్టిక వారి చేతిలో లేదు. కళ్లతో చూసినదే ఆధారం. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. లెక్కలు పెరిగిన తరువాత డిఫెన్స్ ఆటగాళ్లకు ఆ పురస్కారం తేలికవ్వాలి కదా. అలా జరగలేదు. పేజ్ తరువాత దాన్ని గెలిచిన డిఫెన్స్ ఆటగాడు ఒక్కరే, 1986లో లారెన్స్ టేలర్. 1982లో బంతిని కాలితో తన్నే కిక్కర్‌కు కూడా వచ్చింది. 2014లో జె.జె. వాట్ 20.5 సాక్‌లు చేశాడు. ఐదు టచ్‌డౌన్‌లు కూడా చేశాడు. అయినా క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్ వెనక రెండో స్థానంలోనే నిలిచాడు. సంఖ్యలు ఎక్కువయ్యేకొద్దీ సంఖ్యలు బాగా పలికే స్థానాలకే చూపు మళ్లిందని నా అభిప్రాయం. 1971 నాటి ఓటర్లు చూసి నిర్ణయించారు. నాకు వారి మీద గౌరవం ఉంది.

వైకింగ్స్ ఆ దశాబ్దంలో లీగ్ ఛాంపియన్‌ను తేల్చే సూపర్ బౌల్ ఫైనల్స్ నాలుగు ఆడి నాలుగూ ఓడిపోయారు. ఆ నాలుగింటిలోనూ పేజ్ ఉన్నారు. విజేతలకు ఇచ్చే ఉంగరం లేని గొప్ప ఆటగాడని ఆయన గురించి రాసే ప్రతివారూ రాస్తారు కాబట్టి నేనూ రాశాను. అంతకుమించి ఆ ఓటముల్లో ఆయన ఆట గురించి తెలుసుకోవాల్సిందేమీ లేదు.

ఆయన పుట్టింది 1945లో ఒహాయో రాష్ట్రంలోని క్యాంటన్‌లో. ఉక్కు మిల్లుల పట్టణం. ఎన్ఎఫ్ఎల్ పునాది సమావేశం జరిగిన ఊరు కూడా అదే. అందుకే 1960ల మొదట్లో ఫుట్‌బాల్ మహనీయుల స్మారక భవనాన్ని అక్కడే కట్టారు. ఆ కట్టడం పనిలో కూలికి కుదిరిన కుర్రాళ్లలో పేజ్ ఒకరు. పాతికేళ్ల తరువాత, 1988లో, అదే భవనంలో ఆయన ప్రతిమ పెట్టారు. కానీ ఆ పిల్లవాడి మనసులో ఉన్నది ఫుట్‌బాల్ కాదు. 1954లో అమెరికా సుప్రీంకోర్టు తెల్లవారికీ నల్లవారికీ వేర్వేరు బడులు చెల్లవని తీర్పు ఇచ్చినప్పుడు ఆయనకు ఎనిమిదేళ్లు. చట్టానికి మనుషుల బతుకులు మార్చే శక్తి ఉందన్న నమ్మకం తనకు అక్కడే మొదలైందని తరువాత చెప్పుకున్నారు. క్యాంటన్‌లో నల్లజాతి కుర్రాడి ముందున్న మామూలు దారి ఉక్కు మిల్లు. ఆయనకు ఆ దారి వద్దు. నోటర్ డేమ్ విశ్వవిద్యాలయంలో చదివి, 1966లో జాతీయ ఛాంపియన్‌షిప్ సాధించిన జట్టులో ఆడి, 1967లో వైకింగ్స్‌లో చేరారు.

వైకింగ్స్‌లో ఉండగానే ఒకసారి లా కాలేజీలో చేరి, కొద్ది వారాలకే మానేశారు. చాలామంది కథ అక్కడితో ముగుస్తుంది. ఆయన కొన్నేళ్లకు మళ్లీ వెళ్లారు. ఈసారి మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో, 1975 నుంచి 1978 వరకు, లీగ్‌లో పూర్తిస్థాయిలో ఆడుతూనే చదివి పట్టా తీసుకున్నారు. అదే కాలంలో ఆటగాళ్ల సంఘంలో తన జట్టు ప్రతినిధి కూడా. లీగ్‌ను కోర్టుకు లాగిన ప్రసిద్ధమైన మ్యాకీ కేసులో వాదులుగా పేరు పెట్టుకున్న ఆటగాళ్లలో ఆయన ఒకరు.

ఆ కేసును కాస్త విడమర్చాలి, ఎందుకంటే అది కూడా మనిషి విలువ ఎవరు కట్టాలన్న గొడవే. ఒప్పందం ముగిసిన ఆటగాడు ఇంకో జట్టుకు వెళ్లవచ్చని కాగితం మీద ఉండేది. వెళితే కొత్త జట్టు పాత జట్టుకు నష్టపరిహారం ఇవ్వాలి. రెండు జట్లకూ కుదరకపోతే ఆ పరిహారం ఎంతో లీగ్ కమిషనర్ పీట్ రోజెల్ నిర్ణయిస్తారు. ఆటగాళ్లనో, వచ్చే ఏటి ఎంపిక హక్కులనో ఇమ్మని ఆయన ఆదేశించవచ్చు. ఎంత పోగొట్టుకోవాలో ముందుగా తెలియని బేరానికి ఏ జట్టు దిగుతుంది? కాబట్టి హక్కు ఉండేది, వాడుకునేవారు దాదాపు ఉండేవారు కాదు. మిన్నియాపోలిస్ ఫెడరల్ కోర్టులో ఆటగాళ్లు గెలిచారు. 1976లో అప్పీలు కోర్టు కూడా ఆ నిబంధన గుత్తాధిపత్య నిరోధక చట్టానికి విరుద్ధమని చెప్పింది. ఆ గెలుపులో కొంత భాగాన్ని సంఘం మరుసటి ఏడాది జరిగిన ఒప్పందంలో వదులుకుంది. నిజమైన స్వేచ్ఛ 1993 దాకా రాలేదు. అప్పటికి పేజ్ కోర్టులో వాది కాదు, న్యాయమూర్తి.

ఇప్పుడు బరువు సంగతి. 1970ల నడుమ ఆయన భార్య డయాన్ సిగరెట్లు మానే ప్రయత్నంలో పరుగు మొదలుపెట్టారు. భర్త కూడా తోడు వెళ్లారు. కొన్నాళ్లకు దూరం పరుగు ఆయనకు ప్రాణమైపోయింది. రోజూ మైళ్లకు మైళ్లు. సహజంగానే ఒళ్లు తగ్గింది, సుమారు 20 పౌండ్లు. మధ్య వరుసలో ఆడేవాడు సన్నబడటం జట్టుకు నచ్చలేదు. గ్రాంట్ దృష్టిలో అది క్రమశిక్షణకు సంబంధించిన పట్టుదల కాదు, ఆటకు సంబంధించిన భయం: ఇద్దరు మీద పడితే తేలికపాటి మనిషి నిలబడలేడు, మధ్యలో సందు పడితే ప్రత్యర్థి పరుగు ఆగదు. ఆ భయం అర్థం లేనిది కాదు. ఎవరైనా కోచ్ అలాగే ఆలోచిస్తారు. 1978 అక్టోబరులో, సీజన్ నడుస్తుండగానే, వైకింగ్స్ ఆయన్ని వదిలేశారు.

వదిలేసిన ఆటగాణ్ని ఇంకో జట్టు నామమాత్రపు రుసుముతో తీసుకోవచ్చు. ఆ రుసుము 100 డాలర్లు. షికాగో బేర్స్ ఆ 100 డాలర్లు కట్టి, ఏడేళ్ల కిందట లీగ్‌లోకెల్లా విలువైన ఆటగాడనిపించుకున్న మనిషిని తెచ్చుకుంది.

ఎవరు తెచ్చుకున్నారో చూడండి. బేర్స్ ప్రధాన కోచ్ నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, అంతకుముందు వైకింగ్స్ డిఫెన్స్‌ను నడిపినవారు. ఆయన దగ్గర డిఫెన్స్ చూసుకునే బడ్డీ రయన్, అంతకుముందు వైకింగ్స్ ముందు వరుసకు శిక్షణ ఇచ్చినవారు. పేజ్‌ను రోజూ దగ్గర నుంచి చూసిన ఇద్దరు. తూకం యంత్రం చూపించిన అంకె వారికీ తెలుసు. ఆ మొదటి అడుగు ఎంత వేగంగా పడుతుందో కూడా తెలుసు. బేర్స్ తరఫున పేజ్ 58 మ్యాచ్‌ల్లో, అనధికార లెక్కల ప్రకారం, 40 సాక్‌లు చేశారు. ఆయనకు అప్పుడు 33 నుంచి 36 ఏళ్లు. 1979లో ఒక మారథాన్ పూర్తి చేశారు. లీగ్‌లో ఆడుతూనే మారథాన్ పూర్తి చేసిన మొదటి ఆటగాడు ఆయనేనని చెబుతారు. మొత్తం వృత్తి జీవితంలో సీజన్ మ్యాచ్‌లు వరుసగా 218 ఆడారు. ఒక్కటీ తప్పలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. సరిగ్గా 1978లోనే లీగ్ నిబంధనలు మార్చింది. దాడి వరుసలోని వారు చేతులు చాపి, అరచేతులు తెరిచి అడ్డుకోవచ్చంది. బంతి అందుకునేవాణ్ని ఐదు గజాలు దాటాక ముట్టకూడదంది. దీంతో ఆట పరుగు నుంచి విసురు వైపు మళ్లింది. విసురు పెరిగేకొద్దీ మధ్యలో కావాల్సింది బరువా వేగమా అన్న ప్రశ్నకు జవాబు వేగం వైపు జరిగింది. ఆ మార్పును ముందే చూసి పేజ్ సన్నబడ్డారని నేను అనను. ఆయన పరుగు ఇష్టమై పరుగెత్తారు. కానీ ఆటే ఆయన వైపు వచ్చింది. తూచినవారి చేతిలోని రాళ్లు మాత్రం పాతవి.

ఆట మానేశాక న్యాయవాదిగా పనిచేసి, రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయంలో చేరారు. 1992లో మిన్నెసోటా సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవికి పోటీ చేయాలనుకున్నారు. అక్కడ న్యాయమూర్తులను ప్రజలే ఎన్నుకోవాలి. ఆచరణలో మాత్రం చాలామంది పదవీకాలం మధ్యలో దిగిపోతారు, గవర్నర్ ఆ ఖాళీని నింపుతారు, ఓటరు దాకా వ్యవహారం రాదు. పేజ్ పోటీకి సిద్ధమైన స్థానంలో ఉన్న న్యాయమూర్తి పదవీకాలాన్ని గవర్నర్ ఆర్నే కార్ల్‌సన్ పొడిగించారు. ఎన్నికే లేకుండా పోయింది. పేజ్ కోర్టుకు వెళ్లారు. సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తమ సహచరుడి స్థానం గురించి తామే తీర్పు చెప్పలేరు కాబట్టి ప్రత్యామ్నాయ న్యాయమూర్తులతో ధర్మాసనం కూర్చుంది. ఎన్నిక జరగాల్సిందేనని ఆ ధర్మాసనం తేల్చింది. నవంబరులో పేజ్ గెలిచారు. 1993 జనవరి నుంచి ఆ న్యాయస్థానంలో మొదటి నల్లజాతి న్యాయమూర్తిగా కూర్చున్నారు. మరో మూడుసార్లు ఎన్నికై, 70 ఏళ్ల నిబంధన ప్రకారం 2015లో దిగిపోయారు.

ఆయన కూర్చున్న కేసులలో ఒకదాన్ని ఇక్కడ చెప్పకుండా ఉండలేను. 2009 నాటిది. ఒకరి ఇంట్లో, నీటి గుండా మత్తుపొగ పీల్చే గాజు గొట్టం దొరికింది. మన హుక్కాలాంటిదే. అందులో వాడేసిన నీళ్లు ఉన్నాయి. ఆ నీళ్లలో మెథాంఫెటమైన్ ఆనవాళ్లు ఉన్నాయి. తూచారు. 37 గ్రాములు. మత్తుపదార్థం ‘మిశ్రమం’ 25 గ్రాములు దాటితే రాష్ట్ర చట్టం ప్రకారం అత్యంత తీవ్రమైన స్థాయి నేరం. ప్రశ్న ఇది: ఆ మురికినీళ్లు మిశ్రమమా? నలుగురు న్యాయమూర్తులు అవునన్నారు. నీళ్లలో ఆ పదార్థం కలిసి ఉంది, బరువు అంకె దాటింది. ముగ్గురు కాదన్నారు. జస్టిస్ పాల్ ఆండర్సన్ విభేదిస్తూ తీర్పు రాయగా, పేజ్, హెలెన్ మేయర్ ఆయనతో ఏకీభవించారు. అమ్మడానికో పంచడానికో పెద్ద మొత్తంలో పెట్టుకునేవారిని పట్టడానికి పెట్టిన తూకాన్ని, వాడి పారేయాల్సిన నీళ్లకు పెడితే చట్టం ఉద్దేశం ఏమవుతుందన్నది అసలు అభ్యంతరం. తరువాత శాసనసభ చట్టాన్ని సవరించి, అలాంటి గొట్టంలోని నాలుగు ఫ్లూయిడ్ ఔన్సుల లోపు నీటిని లెక్కలోంచి తీసేసింది.

ఆ విభేద తీర్పు పేజ్ రాసింది కాదు. ఆయన దాన్ని తన ఆట జీవితంతో ముడిపెట్టిన దాఖలా కూడా లేదు. ముడి నాది. 20 పౌండ్లు తగ్గినందుకు ఒకప్పుడు వదిలేయబడిన మనిషి ఆ ముగ్గురిలో ఉన్నారని తెలిసినప్పుడు నాకు ఆ కేసు వేరేగా వినబడింది.

క్యాంటన్‌లో ఆయన ప్రతిమ పెట్టిన గౌరవ సభకు తిరిగి వెళతాను. 1988లో ఆ వేదిక మీద తనను పరిచయం చేయడానికి ఆటగాళ్లు సాధారణంగా తమ కోచ్‌నో, సహచరుణ్నో, తండ్రినో పిలుచుకుంటారు. పేజ్ మిన్నియాపోలిస్‌లోని ఒక హైస్కూలు ప్రిన్సిపాల్‌ను, నల్లజాతి మహిళ విల్లారీన్ బీస్లీని పిలిచారు. తన ప్రసంగంలో సింహభాగం చదువు గురించే మాట్లాడారు. వైకింగ్స్‌లో ఉండగా కొందరు సహచరులు జట్టు వ్యూహాల పుస్తకాన్ని చదవలేకపోవడం ఆయన స్వయంగా చూశారు. కాలేజీలు దాటివచ్చిన మనుషులు వారు. వారిలో లోపం ఉందని ఆయన అనుకోలేదు. వారి బలాన్ని, వేగాన్ని ప్రతి మెట్టులోనూ కొలిచి, చదువును ఒక్కరూ కొలవకుండా పైకి పంపించినవారి మీద ఆయనకు కోపం వచ్చింది. అదే ఏడాది డయాన్, ఆయన కలిసి పేజ్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్ స్థాపించారు. మిన్నెసోటాలోని నల్లజాతి, ఇతర మైనారిటీ విద్యార్థులకు పైచదువులకు డబ్బు ఇస్తుంది. షరతు ఒకటే. డబ్బు తీసుకున్న విద్యార్థి తనకన్నా చిన్న పిల్లలకు చదువు చెప్పాలి. 2020లో, మిన్నియాపోలిస్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు అధిపతి నీల్ కష్కరితో కలిసి, నాణ్యమైన ప్రభుత్వ విద్యను రాష్ట్ర రాజ్యాంగంలో ప్రాథమిక హక్కుగా చేర్చాలని ప్రతిపాదించారు.

పేజ్ చిటికెన వేలు ఒకటి మిగతా వేళ్లకు దాదాపు అడ్డంగా, లంబకోణంలో వంగి ఉంటుంది. లైన్‌లో ఎదుటివాడి చేతులను తోసే పనిలో మళ్లీ మళ్లీ కీలు తప్పి అలా నిలిచిపోయింది. కరచాలనం చేసినవారు ముందు గమనించేది దాన్నే. బడికి వెళ్లినప్పుడు పిల్లలు సాక్‌ల గురించి, సుప్రీంకోర్టు గురించి అడగరు. వేలికి ఏమైందని, నొప్పి పుడుతుందా అని, ముట్టుకోవచ్చా అని అడుగుతారు. ఆ ప్రశ్నలు విని విని, బడిపంతులమ్మ అయిన కూతురితో కలిసి ఆయన ఆ వేలి మీద చిన్నపిల్లల పుస్తకం రాశారు.